రాత్రి గూట్లో వేస్తే సరిపోదు, వేకువన మీరు అక్కడుండాలి

మీ పెరట్లో ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయన్నారు. సంతలో ఎనిమిది వనరాజా జాతి కోడిపిల్లల్ని, రెండు నెలలవి, కొన్నారు. రాత్రి గూట్లో వదిలేస్తే తెల్లారేసరికి కలిసిపోతాయా అని మీ ప్రశ్న.

కలిసిపోవు. చీకట్లో కోళ్ళకి చూపు ఆనదు కాబట్టి రాత్రి గొడవ ఉండదు, అంతవరకే నిజం. గొడవంతా వేకువనే. పెద్ద పెట్ట ముందు లేచి గూటి వాకిట్లో నిలబడుతుంది. పిల్లలు బయటికి రాలేక మూలకి పోయి, తలలు గోడకి దూర్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పైనున్నవాటికి తోక మొదట్లో పొడుపులు, అడుగునున్నదానికి ఊపిరాడదు. కలిపిన మర్నాడు నాలుగున్నరకే లేచి మీరే తలుపు తియ్యండి.

అయితే అది ఇప్పుడే కాదు. సంత పిల్లల్ని ముందు నెల రోజులు పెరటి ఆ చివర వేరే ఉంచాలి. రోజూ పాతవాటికి మేత వేశాకే వీటి దగ్గరికి వెళ్ళండి, నీళ్ళ చెంబు కూడా వేరే. రెట్ట ఆకుపచ్చగా పారుతున్నా, మెడ తిరిగిపోతున్నా కొక్కెర తెగులని అనుమానించాల్సిందే. పొడుపులకి ఒకటో రెండో పోతాయి, ఈ తెగులు వస్తే గూడు మొత్తం ఖాళీ.

సంతలో అమ్మేవాళ్ళు టీకాలు అయిపోయాయంటారు. ఏ టీకా, ఏ రోజు అంటే జవాబుండదు. ఇది చాలా అన్యాయం. కొక్కెర తెగులుకి తొలి టీకా లసోటా మొదటి వారంలో కంట్లో చుక్కగా పడాలి, రెండో టీకా ఆర్2బి ఎనిమిదో వారంలో రెక్క కింద అర మిల్లీలీటరు. లసోటా పడని పిల్లకి నేరుగా ఆర్2బి పొడిస్తే టీకాతోనే జబ్బు పడొచ్చు. తెలియనప్పుడు ముందు లసోటా వేయించి, రెండోది ఎప్పుడో పశువుల డాక్టరుని అడగండి. సీసా సాధారణంగా వంద కోళ్ళకి వస్తుంది, మందు కలిపాక ఐసు మీద పెట్టి గంట రెండు గంటల్లో వాడెయ్యాలి. వీధి వీధంతా ఒకే రోజు వేయించుకుంటే మందు వృథా కాదు.

నెల గడిచాక వారం పది రోజులు మధ్యలో వల కట్టి, రెండు గుంపుల మేత పళ్ళేల్నీ వలకి చెరోవైపు పెట్టండి. ఈలోగా పిల్లలు నాటు పెట్టలకి దీటుగా ఎదుగుతాయి. ఎనిమిదింటినీ ఒకేసారి కలపండి, ఒక్కోటిగా వద్దు.

పదిహేను కోళ్ళు రాత్రి ఎక్కి కూర్చోడానికి ఒకే ఎత్తులో ఆరడుగుల వెదుర్లు రెండు కావాలి. ఎత్తు తేడా ఉంటే పైదాని కోసం రోజూ కొట్లాటే. మేత, నీళ్ళు మూడు చోట్ల, ఒకచోటి నుంచి ఇంకోటి కనబడకుండా పెట్టండి. పిల్లలు దాక్కోడానికి గోడకి ఒక రేకు వాల్చండి, రెండు వైపులా దారి ఉండాలి. మూసుకుపోయిన మూల పిల్లకి ఉచ్చే.

గుడ్లు పెట్టే కోళ్ళ మేత పిల్లలకి వెయ్యకండి, అందులో సున్నం ఎక్కువ, మూత్రపిండాలు పాడవుతాయి. అన్నిటికీ పెరిగే పిల్లల మేతే వేసి, చోళ్ళు, నూకలు కొద్దిగా చల్లండి. పెట్టలకి ఆల్చిప్పల పొడి వేరే పళ్ళెంలో పెడితే కావలసినంత అవే తింటాయి. గుల్లసున్నం మాత్రం వద్దు, నోరు కాలుతుంది.

రెండు మూడు రోజులు తరుముకోవడం మామూలే. రక్తం కనబడితే మాత్రం ఆ పిల్లని వెంటనే తీసి, పసుపు, వేపనూనె రాయండి. ఎరుపు చూస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. ఒక్క పెట్టే అదే పనిగా వెంటపడుతుంటే ఆ పెట్టనే నాలుగు రోజులు గంప కింద మూసెయ్యండి. తిరిగి వదిలేసరికి మందలో దాని పెత్తనం తగ్గుతుంది.