రోజుకు 222 కాదు, 140: విదేశీ ప్రయాణంలో పైఖర్చుల లెక్క

ప్రశ్న: నేను, నా భర్త, మా అత్తగారు కలిసి వచ్చే నెల 9 రోజులు విదేశానికి వెళ్తున్నాం. విమానం టికెట్లకు, హోటల్‌కు ఇప్పటికే డబ్బు కట్టేశాం. పైఖర్చులకు పక్కన పెట్టింది అక్కడి కరెన్సీలో 2,000 అవుతుంది. 9తో భాగించి రోజుకు 222 అనుకున్నాం. పోయినసారి కూడా ఇలాగే లెక్క వేసుకుని వెళ్తే అయిదో రోజుకే టెన్షన్ మొదలైంది. చివరి రెండు రోజులు ఎక్కడికీ వెళ్లకుండా గదిలోనే ఉండిపోయాం. ఈసారి అలా కాకూడదు. లెక్క ఎలా వేసుకోవాలి?

జవాబు: చివరి రెండు రోజులు గదిలోనే ఉండిపోయామన్న మాట చదివి కాసేపు ఆగిపోయాను. అంత దూరం వెళ్లి అలా కూర్చోవాల్సి రావడం నిజంగా బాధ. అయితే మీరు దుబారా చేశారని నాకు అనిపించడం లేదు. చేతిలో ఉన్న మొత్తంలో సగానికి దగ్గరగా, బయల్దేరకముందే ఏదో ఒకదానికి ఖాయమైపోయి ఉంటుంది. మీరు దాన్ని కూడా కలిపి రోజులకు పంచేశారు. అందుకే 222 అనే అంకె మొదటి నుంచీ ఉత్తిదే.

ముందు 2,000లోంచి 15 శాతం, అంటే 300, తీసేయండి. దీన్ని రోజుల లెక్కలోకి రానివ్వద్దు. మందులకు, తప్పిపోయిన రైలుకు, పోయిన సామానుకు ఇది ఉండాలి. ‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అనుకోవచ్చు. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కూడా. కానీ చాలా పాలసీల్లో చిన్న చిన్న బిల్లులు ముందు మనమే కట్టి, రసీదులు చూపించి తర్వాత తీసుకోవాలి. ఆ కట్టడానికి చేతిలో డబ్బు ఉండాలి కదా. అత్తగారికి బీపీ, షుగర్ లాంటివి ఏవైనా ఉంటే పాలసీలో ముందే రాయించండి. పాత జబ్బులకు కవరేజీ ఉందో లేదో ఆ పేజీ తీసి స్వయంగా చదవండి.

మిగిలింది 1,700. ఇప్పుడు ఖాయంగా పెట్టాల్సినవి రాసుకుందాం. విమానాశ్రయం నుంచి హోటల్‌కు, మళ్లీ తిరిగి ముగ్గురికీ 120 అనుకోండి. చూడాలనుకున్న చోట్ల ప్రవేశ టికెట్లకు 220. సిమ్ లేదా ఈసిమ్‌కు 30. ఇంట్లో వాళ్లకు, స్నేహితులకు తెచ్చే వస్తువులకు 130. ఈ చివరిదాన్ని చాలామంది రోజువారీ ఖర్చులో కలిపేస్తారు. అప్పుడు ఒక్క సాయంత్రం షాపింగ్ మూడు రోజుల భోజనాన్ని మింగేస్తుంది. దానికి వేరే కవరు పెట్టండి.

ఇంకొకటి హోటల్ దగ్గర ఎదురయ్యే పన్ను. గది అద్దె ముందే కట్టేశాం కాబట్టి హోటల్‌తో లెక్క తీరిపోయిందని అనుకుంటాం. ఐరోపాలో చాలా నగరాలు బస చేసేవారి నుంచి పర్యాటక పన్ను వసూలు చేస్తాయి. రోమ్‌లో మనిషికి, రాత్రికి ఇంత అని ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి గది అద్దె మీద 12.5 శాతం. బుకింగ్‌లో ఇది కలిసి ఉండొచ్చు, లేకపోవచ్చు. లేకపోతే 8 రాత్రులు, ముగ్గురు మనుషులు అనేసరికి చిన్న అంకె కూడా పెద్దదవుతుంది. మీ బుకింగ్ కాగితంలో సన్న అక్షరాల్లో ఉన్నది ఈ రోజే చూడండి. ప్రస్తుతానికి 80 వేసుకుందాం.

ఇవన్నీ కలిపితే 580. పోగా చేతికి మిగిలేది 1,120. వెళ్లిన రోజు, తిరిగొచ్చే రోజు సగం సగమే కాబట్టి రెండూ కలిపి ఒక రోజు. నిండు రోజులు 7. మొత్తం 8. రోజుకు 140 వచ్చింది. ఇదీ మీ అసలు అంకె. 222 అనుకుని వెళ్తే రోజుకు 82 చొప్పున లేని డబ్బు ఖర్చు పెట్టినట్టే. అయిదో రోజుకు టెన్షన్ రాక ఏమవుతుంది?

అయితే ఈ 140ని కూడా అన్ని రోజులకూ ఒకేలా పరచకండి. ఏ ప్రయాణంలోనైనా రోజులన్నీ ఒక్కలా ఉండవు. పక్క ఊరికి రైల్లో వెళ్లొచ్చే రోజు ఒకలా, పార్కులో నడిచి, మార్కెట్ చూసి పెందలాడే గదికి చేరే రోజు ఒకలా ఉంటుంది. మీ 7 రోజుల్లో రెండింటిని బరువు రోజులు అనుకోండి, వాటికి 210 చొప్పున. మూడు మామూలు రోజులకు 140. రెండు తేలిక రోజులకు 70. వెళ్లే రోజుకు, వచ్చే రోజుకు కూడా 70 చొప్పున. కూడి చూసుకోండి, సరిగ్గా 1,120 వస్తుంది. ఈ రెండు తేలిక రోజులూ ఏవో ముందే నిర్ణయించుకుంటే అది మీరు కోరుకున్న విశ్రాంతి అవుతుంది. పోయినసారిలా డబ్బులు లేక గదిలో ఉండిపోవడం వేరు.

అత్తగారు ఉన్నారు కాబట్టి ఒక మాట. రెండు బరువు రోజులను వెంటవెంటనే పెట్టకండి. ఒకటి మూడో రోజు, ఇంకోటి ఆరో రోజు ఉంటే ఆమె మోకాళ్లకూ మంచిది, మీ పర్సుకూ మంచిది. అలసిపోయిన మనిషిని తీసుకుని ఎక్కే టాక్సీయే అన్నిటికన్నా ఖరీదైన టాక్సీ, ఎందుకంటే అప్పుడు రేటు అడిగే ఓపిక ఉండదు. వెళ్లేటప్పుడు మెట్రో, వచ్చేటప్పుడు టాక్సీ అని మామూలు రోజు లెక్కలోనే రాసుకోండి. నగర రవాణాలో రోజుకు గరిష్ఠ పరిమితి ఉందేమో కూడా కనుక్కోండి. లండన్‌లో కాంటాక్ట్‌లెస్ కార్డుతో తిరిగితే ఒక పరిమితి దాటాక ఆ రోజుకు ఇక చార్జీ పడదు. కానీ మనిషికో కార్డు ఉండాలి, రోజంతా అదే వాడాలి. ఉదయం కార్డు, సాయంత్రం ఫోన్ తాకిస్తే రెండూ వేర్వేరు మనుషుల కింద లెక్క అవుతాయి.

ఇక డబ్బుకు తెలియకుండా గండి కొట్టేవి. రెస్టారెంట్లో బిల్లు కట్టేటప్పుడు కార్డు మిషన్ మీ చేతికిస్తారు. తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి: ఒకటి అక్కడి కరెన్సీలో, ఒకటి మన కరెన్సీలో. మనకు అలవాటైన అంకె కాబట్టి వేలు దాని మీదకే వెళ్తుంది. అది నొక్కితే మార్పిడి రేటు ఆ మిషన్ వైపు వాళ్లు వేసింది పడుతుంది, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. అక్కడి కరెన్సీయే నొక్కండి. ఏటీఎంలోనూ అంతే. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల ప్రకారం ఆ ఎంపిక కస్టమర్‌ది. దుకాణదారు మిమ్మల్ని అడగకుండా నొక్కేస్తే రద్దు చేసి మళ్లీ చేయమనండి, మొహమాటపడకండి.

ఏటీఎంలో ప్రతిసారీ కొద్దికొద్దిగా తీయొద్దు. తీసిన ప్రతిసారీ రుసుము 5 అయితే, 50 తీసినప్పుడు అది 10 శాతం, 250 తీసినప్పుడు 2 శాతమే. ఇది కాక మీ బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము కూడా వేయొచ్చు. మీ కార్డుకు ఎంతో ఫోన్ చేసి అడగండి.

హోటల్ డిపాజిట్ సంగతి నా అనుభవంతో చెప్తాను. ఒకసారి చెకిన్ దగ్గర నా డెబిట్ కార్డు తీసుకున్నారు, నేనూ ఆలోచించకుండా ఇచ్చేశాను. మర్నాడు రైల్వే స్టేషన్ కౌంటర్లో టికెట్ కొనబోతే కార్డు పనిచేయలేదు. వెనక వరుస, చేతిలో రెండు బ్యాగులు. డిపాజిట్ కింద హోటల్ వాళ్లు నా ఖాతాలో కొంత మొత్తం ఆపి ఉంచారని అప్పటిదాకా నాకు తెలియదు. గది ఖాళీ చేసిన కొన్ని రోజులకు గానీ అది విడుదల కాలేదు. అందుకే డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు ఇవ్వండి. రోజువారీ ఖర్చుకు వేరే కార్డు ఉంచుకోండి. ఒకటి మీ దగ్గర, ఇంకోటి మీవారి దగ్గర ఉండాలి, రెండూ ఒకే పర్సులో వద్దు.

రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు చాలు. ఫోన్‌లోనో చిన్న పుస్తకంలోనో ఆ రోజు అంకె, అయిన ఖర్చు, తేడా, ఈ మూడే రాయండి. అక్కడి కరెన్సీలోనే రాయండి. ప్రతి కాఫీనీ మన డబ్బులోకి మార్చి చూసుకుంటే ఏదీ నోట్లోకి పోదు. మూడో రోజు 60 ఎక్కువైందనుకోండి, మర్నాటి నుంచే మొత్తం కోసేయొద్దు. ఇంకా 6 రోజులున్నాయి, రోజుకు 10 తగ్గిస్తే సరిపోతుంది. మిగిలితే అది ఆరో రోజు బరువు ఖాతాలోకి పోవాలి, షాపింగ్ కవర్లోకి కాదు.

పక్కన పెట్టిన 300 ముట్టుకోకుండా తిరిగొస్తే ఇంకా మంచిది. ఇక చిల్లర. డబ్బు మార్చే కౌంటర్లు సాధారణంగా నోట్లే తీసుకుంటాయి, నాణేలు తీసుకోవు. ఎనిమిదో రోజు సాయంత్రమే ముగ్గురి పర్సుల్లోని నాణేలు ఒకచోట పోసి లెక్కపెట్టండి. విమానాశ్రయానికి వెళ్లే ముందు తాగే కాఫీ, కొనే నీళ్ల సీసా వాటితోనే అయిపోవాలి.