పెదవి వాపు సూది తప్పు కాదమ్మా

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకి ఐదేళ్లు. 17 కిలోలు ఉంటాడు. పోయిన నెల సిటీలో కింది కుడివైపు దవడపన్నుకి రూట్ కెనాల్ చేసి స్టీల్ క్యాప్ వేశారు. ఇంటికొస్తూ ఆటోలోనే నిద్రపోయాడు. సాయంత్రానికి కింది పెదవి వాచిపోయింది. మర్నాటికి తెల్లగా పొర కట్టింది. చీము పట్టిందని అందరూ అంటే భయమేసి, ఎప్పుడో జ్వరానికి కొని ఫ్రిజ్‌లో ఉంచిన యాంటీబయాటిక్ సిరప్ రెండు రోజులు పట్టాను. పది రోజులకు తగ్గింది. సూది సరిగ్గా వెయ్యలేదని మా అత్తగారు ఇప్పటికీ అంటున్నారు. వచ్చే నెల ఎడమవైపు కింది పన్ను తీయించాలి. మళ్లీ అలా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో నేనేం చెయ్యాలి?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బాబు మత్తులో పెదవి కొరుక్కున్నాడు. కింది దవడకి మత్తిస్తే పన్నుతో పాటు ఆ వైపు పెదవి, నాలుక కూడా మొద్దుబారతాయి. ఆ మొద్దు రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. పిల్లలకది వింతగా ఉంటుంది కాబట్టి చప్పరిస్తారు, నములుతారు. నిద్రలోనూ నములుతారు. నొప్పి తెలియదు కదా, ఆగరు. తర్వాత కట్టే తెల్లపొర చీము కాదు, నోట్లో పుండు మానేటప్పుడు అలాగే ఉంటుంది. యాంటీబయాటిక్‌తో దానికి పని లేదు. పైగా నీళ్లు కలిపిన సిరప్ చాలా వరకు వారం దాటితే పారేయాల్సిందే.

ఇది మా ఇంట్లోనే జరిగింది. మా అమ్మాయి పన్నుకి నేనే వైద్యం చేసి, పెదవాల్తేరులో మా అమ్మ దగ్గర దింపి క్లినిక్‌కి వెళ్లిపోయాను. పిల్ల ఆకలంటే అమ్మ పప్పన్నం పెట్టింది. సాయంత్రం వెళ్లేసరికి పిల్ల పెదవి చూసి అమ్మ ఏడుస్తోంది. ముందే చెప్పకపోవడం నా తప్పు. అప్పటినుంచి మత్తు ఎప్పుడు వదులుతుందో నా దగ్గరికొచ్చే ప్రతి బిడ్డ అరచేతి మీద పెన్నుతో రాసి పంపుతున్నాను. మీరూ రాయించుకోండి. ఇంట్లో పెద్దావిడకి ఆ చెయ్యి చూపించండి, ఆవిడే కాపలా ఉంటారు.

ఈసారి పొద్దున్న అపాయింట్‌మెంట్ తీసుకోండి, మధ్యాహ్నం నిద్ర వేళతో కలవకుండా. వచ్చేటప్పుడు బాబుని పడుకోనివ్వకండి. ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక విమానం కనిపిస్తుందేమో చూడమనండి, షీలానగర్ దాకా కబుర్లు చెప్పించండి. ఇంటికొచ్చాక మత్తు వదిలేవరకు పక్కనే కూర్చోండి. నమిలేది ఏదీ పెట్టొద్దు. పెదవి మీదికి పళ్లు వెళ్తుంటే మడిచిన తడిగుడ్డ పళ్ల మధ్య పెట్టి మీ చేత్తో పట్టుకోండి.

పన్ను తీశాక పెట్టిన దూదిని అరగంట గట్టిగా కరిచిపట్టాలి. రాత్రి దాకా ఉమ్మి లేత ఎరుపుగా ఉంటే కంగారు పడొద్దు. అయితే పదేపదే ఉమ్మనివ్వకండి, మొదటి రోజు పుక్కిలింతలూ వద్దు. ఆ చోట గట్టిపడిన రక్తం ఊడితే మళ్లీ కారుతుంది. అందుకే స్ట్రా కూడా వద్దంటాను. కొబ్బరినీళ్లు గ్లాసులో పోసి ఇవ్వండి. మత్తు వదిలాక చల్లారిన చోడి అంబలి, మెత్తగా పిసికిన పెరుగన్నం పెట్టండి. బీచ్‌లో మురీ మిక్చర్ మాత్రం ఓ వారం ఆపండి, పల్లీ ముక్కలు ఆ గుంటలో ఇరుక్కుంటాయి. రాత్రి మిగతా పళ్లకి బ్రష్ మామూలే.

నొప్పికి పారాసిటమాల్ చాలు. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన మీ బాబుకి 250 మిల్లీగ్రాములు. కానీ సీసా మీద చదవండి: 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ వేరు, 120 ఉండేది వేరు. ఆరు గంటల తేడా ఉండాలి, రోజుకి నాలుగుసార్లు మించకూడదు. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు.

దూది అరగంట కరిచిపట్టినా రక్తం ధారగా వస్తుంటే, దవడ వాపు కంటి వైపో మెడ కిందికో పాకుతుంటే, జ్వరం వచ్చినా, మింగలేకపోయినా ఆగొద్దు. మీ డాక్టరు దొరక్కపోతే రాత్రయినా సరే కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీకి తీసుకెళ్లండి.

కుడివైపు క్యాప్ గురించి ఓ మాట. బెల్లం జీడి, బబుల్‌గమ్ దాన్ని లాగేస్తాయి. ఊడితే మీరే పెట్టేయకండి, నిద్రలో గొంతులోకి జారొచ్చు. డబ్బాలో వేసి డాక్టరుకి తీసుకెళ్లండి.

ఇంకొకటి, పన్ను తీసే రోజు ‘స్పేస్ మెయింటైనర్ కావాలా’ అని తప్పక అడగండి. అంటే తీసిన పంటి చోటు మూసుకుపోకుండా పట్టి ఉంచే చిన్న అమరిక. పాల దవడపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. ఐదేళ్లకే తీసేస్తే, ఆరేళ్లకి వెనక వచ్చే పెద్ద పన్ను ఖాళీలోకి ఒరిగి, కింద ఉన్న కొత్త పంటికి చోటు లేకుండా చేస్తుంది.