పాత 78 రికార్డుల్లో డ్యాన్స్ బ్యాండ్ సంగీతాన్ని ఎలా వినాలి? గరగర తప్ప ఏమీ వినబడడం లేదు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మీ తాతగారి పెట్టెలో 1930ల నాటి ఇంగ్లీషు డ్యాన్స్ బ్యాండ్ రికార్డులు దొరికాయనీ, కొత్తగా కొన్న సూట్‌కేసు ప్లేయరు మీద పెడితే గరగర తప్ప మరేదీ సరిగా వినబడడం లేదనీ, వినబడిన కాస్తలోనూ గాయకుడు అర నిమిషం పాడి మాయమవుతున్నాడనీ రాశారు. వీటిలో ఆనందించడానికి ఏముందని అడిగారు. గరగరకు చాలావరకు కారణం మీ ప్లేయరు ముల్లు. గాయకుడి సంగతి మాత్రం లోపం కాదు, ఆ సంగీతం కట్టిన తీరే అది. ఉద్యోగరీత్యా ఇంగ్లండులో ఉన్న రోజుల్లో చారిటీ దుకాణాల్లో నేల మీద అట్టపెట్టెల్లో పడి ఉండే ఇలాంటి రికార్డులను కొనడం నాకు అలవాటైంది. హైదరాబాదుకు తిరిగి వచ్చాక కూడా వాటిని వింటూనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ముల్లు సంగతి చూద్దాం. తర్వాతి కాలపు ఎల్పీ రికార్డు గాడి చాలా సన్నం. దానికి వాడే ముల్లు కొస వ్యాసార్ధం అంగుళంలో వెయ్యో వంతు, లేదా అంతకంటే తక్కువ. నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 రికార్డు గాడి దాని కంటే ఎంతో వెడల్పు కాబట్టి దానికి దాదాపు మూడింతల కొస ఉండాలి. దీనినే ‘త్రీ మిల్’ ముల్లు అంటారు (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). సన్నని ముల్లును వెడల్పైన గాడిలో దింపితే అది సంగీతం ఉన్న గోడలను ఆనుకోకుండా, అడుగున పేరుకున్న ఎనభై తొంభై ఏళ్ల దుమ్ము మీద దొర్లుతూ పోతుంది, ఆ దుమ్మునే మీకు వినిపిస్తుంది. కొన్ని సూట్‌కేసు ప్లేయర్లలో ముల్లును తిప్పితే రెండో వైపు 78 అని గుర్తు ఉంటుంది, ఒకసారి చూడండి. లేకపోతే ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జిని మార్చుకునే వీలున్న టర్న్‌టేబుల్ కొనడం మంచిది. ఆడియో టెక్నికా, ఆర్టోఫోన్ కంపెనీలు ఇప్పటికీ 78 రికార్డుల కోసం ప్రత్యేకంగా ముళ్ళు తయారు చేస్తున్నాయి.

ముల్లు మార్చాక ఇంకో రెండు పనులు మిగులుతాయి. మొదటిది, ఆంప్లిఫయరులో మోనో మీట (రెండు స్పీకర్లకూ ఒకే ధ్వనిని పంపేది) ఉంటే తప్పకుండా నొక్కడం: ఈ రికార్డుల్లో సంగీతమంతా ముల్లు పక్కలకు కదలడంలోనే ఉంటుంది, పైకీ కిందికీ కదిలితే వచ్చేది చాలావరకు రొదే కాబట్టి, మోనోలో పెట్టగానే అందులో పెద్ద భాగం రద్దయిపోతుంది. రెండోది కాస్త చిక్కైనది. ముల్లు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచే ప్రీఆంపుల్లో ఇప్పటివి దాదాపు అన్నీ, 1950ల్లో స్థిరపడిన ఆర్.ఐ.ఎ.ఎ. (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం పై శ్రుతులను బాగా తగ్గిస్తాయి, కానీ 1930ల లండన్ రికార్డుల్లో ఆ తగ్గింపునకు తగిన హెచ్చింపు లేదు. అందుకే తాళాలు, ట్రంపెట్లు దుప్పటి కప్పుకున్నట్టు మందంగా వినబడతాయి. ట్రెబుల్ మీట కొంచెం పెంచితే చాలావరకు సరిపోతుంది. కంప్యూటరులోకి ఎక్కించేవారు ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరులో ఇంకా కచ్చితంగా సరిచేసుకోవచ్చు.

కడగడంలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఎల్పీలను తుడిచే ద్రవాల్లో చాలావాటిలో స్పిరిట్ ఉంటుంది. ఈ రికార్డులను కలిపి నిలిపే పదార్థం లక్క, అంటే లాడ్ బజారులో గాజులు చేసే లక్కే. అది స్పిరిట్‌లో కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తని బ్రష్షుతో గాడి వెంట తిప్పుతూ కడిగి, లేబుల్ తడవకుండా వెంటనే ఆరబెట్టండి. ఆరాక ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి.

ఇంత చేసినా కొంత రొద మిగులుతుంది, అది రికార్డు పదార్థంలోనే ఉంది. ఆ ముద్దలో లక్క పాలు తక్కువ. రాతిపొడి లాంటి ఖనిజాల పాలే ఎక్కువ. ఆ పొడిని గరుకుగా ఉంచడంలో ఒక ఉద్దేశం ఉంది: కీ ఇచ్చే గ్రామఫోనులో వంద గ్రాములకు పైగా బరువుతో దిగే ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అరిగి గాడి ఆకారానికి వస్తే, ఆ తర్వాత గాడి అంతగా అరగదు. నా దగ్గర ఉన్న హెచ్.ఎం.వి. పోర్టబుల్ గ్రామఫోనులో ఒక వైపు వాయించి తీసిన ముల్లును భూతద్దం కింద పెడితే, మొనకు ఇరుపక్కలా అద్దంలా మెరిసే రెండు చిన్న చదును ముఖాలు కనిపిస్తాయి. ఆ ముఖాల అంచులు గాడిని కోస్తాయి కాబట్టే ఒక్కో వైపుకు ఒక్కో కొత్త ముల్లు వాడమని అప్పట్లో చెప్పేవారు. కొలంబియా కంపెనీ మాత్రం లోపల ముతక ముద్ద, పైన నాణ్యమైన లక్క పొర వేసి రికార్డులు చేసేది. అందుకే మీ పెట్టెలోని కొలంబియా రికార్డులు హెచ్.ఎం.వి. వాటికంటే నిశ్శబ్దంగా ఉండే అవకాశం ఎక్కువ, వాటితోనే మొదలుపెట్టండి. కంప్యూటరులో రొదను పూర్తిగా చెరిపేయాలని మాత్రం ప్రయత్నించకండి. డ్రమ్ము మీద బ్రష్షుల సవ్వడి, తాళపు మోత కూడా ఆ శ్రుతుల్లోనే ఉంటాయి కాబట్టి రొదతో పాటు అవీ పోతాయి, బ్యాండు నీళ్లలో మునిగి వాయిస్తున్నట్టు తయారవుతుంది. కొంచెం గరగరను చెవి కొద్ది నిమిషాల్లోనే పక్కన పెట్టేస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా ఇంటికి వచ్చి ఈ రికార్డులు విన్న తెలుగు మిత్రుల్లో చాలామంది మీలాగే గాయకుడి కోసం ఎదురుచూస్తారు. మనం సినిమా పాటతో పెరిగినవాళ్లం. వాద్యాలు వాయిస్తుంటే అది పల్లవికి ముందు వచ్చే సంగీతమనీ, ఆపైన వచ్చేది చరణాల మధ్య నింపుడు సంగీతమనీ మన చెవి దానంతటదే తీర్మానించేస్తుంది. ఈ రికార్డుల్లో లెక్క తిరగబడి ఉంటుంది. లేబుల్ మీద పాట పేరు కింద ‘ఫాక్స్‌ట్రాట్’ అనో, ‘వాల్ట్జ్’ అనో, ‘టాంగో’ అనో తప్పకుండా అచ్చు వేసేవారు, ఎందుకంటే కొన్నవారికి ముందుగా తెలియవలసింది దేనికి అడుగు వేయాలన్నది. గాయకుడి పేరు చాలా రికార్డుల మీద ఉండదు, ‘విత్ వోకల్ రిఫ్రైన్’ (గాత్రంలో పల్లవితో) అన్న ముక్క మాత్రమే ఉంటుంది. ఆ గొంతు ఎవరిదో సేకరణకర్తలు ఈనాటికీ చెవితో పోల్చుకుని చెప్పవలసి వస్తోంది.

ఒక రికార్డు తీసుకుని లెక్కపెట్టి చూడండి. ఆ కాలపు పాటల్లో ఎక్కువ భాగం ‘కోరస్’ అనే ముప్ఫై రెండు బార్ల కట్టు మళ్ళీ మళ్ళీ తిరగడం మీద నడుస్తాయి. బారు అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది. ఫాక్స్‌ట్రాట్‌లో బారుకు నాలుగు దెబ్బలు. సాధారణంగా మొదటి ఎనిమిది బార్లలో ఒక వరస వస్తుంది, తర్వాత ఎనిమిదింటిలో అదే వరస, ఆపైన ‘మిడిల్ ఎయిట్’ అనే వేరే వరస ఎనిమిది బార్లు, చివరి ఎనిమిదింటిలో మళ్ళీ మొదటి వరస. చురుకైన నాట్యానికి తగినట్టు నిమిషానికి 180 దెబ్బల వేగంతో నడిస్తే ఒక కోరస్ సుమారు నలభై మూడు సెకన్లలో పూర్తవుతుంది. పది అంగుళాల రికార్డు ఒక వైపున పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొన్ని సెకన్లు. అంటే ఆ వైపు మొత్తంలో కోరస్ నాలుగు సార్లు తిరుగుతుంది, అందులో ఒక్క వంతు గాయకుడిది. మీరు విన్న ‘అర నిమిషం’ ఇదే. మిగిలిన మూడు వంతులు అరేంజరువి, అంటే ఏ వరసను ఏ వాద్యానికి ఇవ్వాలో రాసిపెట్టినవాడివి.

ఆ మూడు వంతుల్లో ఏం జరుగుతుందో గమనించడంలోనే ఆనందం ఉంది. మొదటి కోరస్‌లో ట్రంపెట్లు నోటికి మ్యూట్ (శబ్దాన్ని తగ్గించే మూత) బిగించుకుని సన్నగా వరస చెబుతుంటే, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీలో సాక్సఫోన్లు జవాబు చెబుతాయి. మిడిల్ ఎయిట్ వయొలిన్లకో పియానోకో దక్కుతుంది. సాక్సఫోను వాయించేవాళ్లే క్లారినెట్‌కు మారి, అవసరమైతే వయొలినూ అందుకునేవారు కాబట్టి, పదీ పన్నెండు మందితో అంతకు రెట్టింపు మంది ఉన్నట్టు భ్రమ కల్పించేవారు. గాయకుడు వచ్చినప్పుడు వాద్యాలన్నీ వెనక్కి తగ్గుతాయి. అతను ముగించగానే చాలాసార్లు శ్రుతి మార్చి, బ్యాండు మొత్తం చివరి కోరస్‌లోకి ఒక్కసారిగా దూకుతుంది. నా మట్టుకు ఆ దూకే క్షణమే మొత్తం రికార్డుకు ఆయువుపట్టు. మూడు సార్లు వినండి: మొదటిసారి బేస్ వాద్యాన్నీ పియానో ఎడమచేతినీ మాత్రమే పట్టుకోండి, రెండోసారి సాక్సఫోన్లను, మూడోసారి గాయకుడి వెనక ఎవరు ఏం చేస్తున్నారో చూడండి. నాట్యం రాకపోయినా ఫరవాలేదు, కాలితో దెబ్బ వేస్తూ వినండి. కుర్చీలో కదలకుండా కూర్చుని వినడానికి ఈ సంగీతాన్ని ఎవరూ తయారు చేయలేదు.

తేదీ తెలిస్తే వినికిడి ఇంకా పదునెక్కుతుంది. 1925లో మైక్రోఫోనుతో రికార్డు చేయడం మొదలయ్యే వరకు వాద్యకారులు ఒక పెద్ద కొమ్ము ముందు గుమిగూడి గట్టిగా వాయించేవారు, ఆ రికార్డుల్లో డ్రమ్ములూ బేసూ దాదాపు లేనట్టే. 1920ల చివరి వరకు లయను బాంజో, ట్యూబా మోసేవి. 1930 ప్రాంతంలో వాటి స్థానంలో గిటారు, నిలువు బేసు వచ్చి నడక తేలికైంది. మైక్రోఫోను వల్లనే చెవిలో చెబుతున్నట్టు మెల్లగా పాడే గాయకులకూ చోటు దొరికింది. వారిలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఆల్ బౌలీ. ఇప్పటి మొజాంబిక్‌లో పుట్టి, జొహన్నెస్‌బర్గ్‌లో పెరిగిన ఈయన లండన్ చేరకముందు కలకత్తా గ్రాండ్ హోటల్లో జిమ్మీ లెక్వీమ్ బ్యాండులో ఉన్నాడు, 1926లో ఆ బ్యాండుతో అక్కడే రికార్డు కూడా ఇచ్చాడు. తర్వాత లండన్‌లో రే నోబుల్ నడిపిన హెచ్.ఎం.వి. స్టూడియో బ్యాండుతోనూ, మాన్సెన్యూర్ రెస్టారెంటులో రాయ్ ఫాక్స్, లూ స్టోన్ బ్యాండులతోనూ పాడాడు. 1941 ఏప్రిల్ 17న జర్మన్ బాంబుదాడిలో చనిపోయాడు. రే నోబుల్ బ్యాండు స్టూడియో కోసమే కూడినది. మే ఫెయిర్ హోటల్లో వాయించిన ఆంబ్రోజ్ బ్యాండు వంటివాటి నుంచి మేటి వాద్యకారులను ఏరి తెచ్చేవారు. అందుకే ఆ రికార్డుల్లో పనితనం అంత నున్నగా ఉంటుంది. కొందరికి మరీ నున్నగా అనిపిస్తుంది కూడా. కాస్త కారం కావాలంటే లూ స్టోన్‌ను, అతని బ్యాండులో ట్రంపెట్ వాయించిన నాట్ గొనెల్లాను వినండి. లేబుల్ మీద విక్టర్ సిల్వెస్టర్ పేరుంటే మాత్రం గాయకుడి కోసం అసలు వెతకకండి. ఆయన 1935 నుంచి నాట్యం నేర్పేవారి కోసం తూచినట్టు ఒకే వేగంతో వాయించిన రికార్డులవి. వినడానికి నాకు అంతగా నచ్చవు కానీ అడుగులు నేర్చుకోవాలంటే వాటిని మించినవి లేవు.

మీ తాతగారి పెట్టెలో ఇవి ఉండడంలో వింతేమీ లేదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువారితో పాటు ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలూ పెద్ద సంఖ్యలో ఉండేవి, వారికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బులో నాట్యాలు రివాజు. రికార్డు ఫ్యాక్టరీ కూడా దగ్గరే, కలకత్తా శివారు డమ్ డమ్‌లో. లండన్‌లో రికార్డు చేసిన పాటలను ఇక్కడే అచ్చుపోసి అమ్మేవారు. అలాంటివాటి లేబుల్ అంచున ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంటుంది.

ఉంచుకోవాలా, ఇచ్చేయాలా అని కూడా అడిగారు. లండన్ బ్యాండుల రికార్డులు లక్షల్లో అమ్ముడైనవి, వాటికి పెద్ద ధర రాదు, వినడానికి ఉంచుకోండి. కలకత్తా, బొంబాయి హోటళ్లలో వాయించిన బ్యాండులు ఇక్కడే ఇచ్చిన రికార్డులు మాత్రం అరుదు. ముఖ్యంగా కొలంబియా లేబుల్ మీద టెడ్డీ వెదర్‌ఫర్డ్ పేరు కనబడితే ఆగండి. షికాగోలో పేరు తెచ్చుకున్న ఈ పియానో వాద్యకారుడు బొంబాయి తాజ్‌మహల్ హోటల్లోనూ, యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్లోనూ బ్యాండు నడిపి, 1945లో కలకత్తాలోనే కలరాతో మరణించాడు. ఆ రికార్డులను ఉక్కు ముల్లు కింద పెట్టకుండా, త్రీ మిల్ ముల్లుతో నాలుగైదు గ్రాముల బరువు మీద ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించుకుని, ఆ తర్వాత ఏం చేయాలో తీరిగ్గా ఆలోచించండి. లేబుల్ ఫోటోలు, లేబుల్ చుట్టూ గాడి లేని నున్నని చోట గీసి ఉండే నంబర్లు ఇక్కడే వ్యాఖ్యల్లో పెడితే, ఏది ఎప్పటిదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.