ముప్పై మందిలో అసలు వాళ్లెవరు?

ప్రశ్న: హాకీ ఇండియా క్యాంపుకి ముప్పై మందికి పైగా పిలుస్తారు, వాళ్లని 'కోర్ గ్రూప్' అంటారు. ఒలింపిక్స్‌కి వెళ్లేది 16 మందే. గోల్స్ కొట్టేవాళ్లని వరసగా తీసుకుంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అందరూ కొట్టేవాళ్లే అయితే ఆపేదెవరండీ? స్కోరు చూసి జట్టు కట్టడం మనకి క్రికెట్ నేర్పిన అలవాటు, హాకీలో అది పనిచేయదు. నన్నడిగితే, ఎవరు లేకపోతే మిగతావాళ్లు సర్దుకోలేరో వాళ్లే అసలైన కోర్ గ్రూప్. మామూలుగా ఏడెనిమిది మందికి మించరు.

పెనాల్టీ కార్నర్ సంగతే చూడండి, అంటే అవతలివాళ్లు తమ గోల్ దగ్గర తప్పు చేస్తే మనకి దొరికే గోల్ అవకాశం. హాకీలో ఆట నడుస్తుండగానే ఎన్నిసార్లయినా ఆటగాళ్లని మార్చుకోవచ్చు, కానీ కార్నర్ ఇచ్చాక అది పూర్తయ్యేదాకా మార్చడం కుదరదు. కార్నర్‌లో బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లికర్ హర్మన్‌ప్రీత్ బెంచి మీద నీళ్లు తాగుతుండగా కార్నర్ వచ్చిందనుకోండి, బాటిల్ చేత్తో పట్టుకుని చూడాల్సిందే. పారిస్ ఒలింపిక్స్‌లో 10 గోల్స్ కొట్టిన మనిషి! అందుకే రెండో డ్రాగ్ ఫ్లికర్ మైదానంలో ఉండాలి. అవతలివాళ్లకి కార్నర్ వస్తే ముఖానికి మాస్కు, మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని ఆ దూసుకొచ్చే బంతికి ఎదురు పరిగెత్తే మొండివాడు ఒకడు కావాలి, అతన్ని ఫస్ట్ రషర్ అంటారు. ఈ రెండు పనులూ చేసేవాడు అమిత్ రోహిదాస్. గోల్స్ లిస్టులో ఆయన పేరు కోసం వెతికితే ఆయన విలువ తెలియదు.

2024 పారిస్ క్వార్టర్‌ఫైనల్లో బ్రిటన్ మీద 17వ నిమిషంలో ఆయనకే రెడ్ కార్డు ఇచ్చారు. ఇంకా 43 నిమిషాలుంది, మనవాళ్లు పదిమందే. మిడ్‌ఫీల్డర్ మన్‌ప్రీత్ వెనక్కి దిగి డిఫెండర్ అయిపోయాడు, గోల్‌లో శ్రీజేష్ గోడలా నిలబడ్డాడు, 1-1తో లాగి షూటౌట్‌లో 4-2తో గెలిచాం. ఒక్క మ్యాచ్‌కి కాబట్టి ఎలాగో ఈదారు. సెమీస్‌లో రోహిదాస్‌పై నిషేధం, జర్మనీ చేతిలో 2-3. ఓటమికి అదొక్కటే కారణమని అనను గానీ, ఆ లోటు మాత్రం కనిపించింది. ఆయన తిరిగొచ్చాక స్పెయిన్‌పై 2-1తో కాంస్యం తెచ్చుకున్నాం.

ఇక్కడ మన్‌ప్రీత్‌ని కూడా గమనించండి. రెండు స్థానాల్లో ఆడగలిగినవాడు 16 మంది జట్టులో 17వ మనిషితో సమానం. క్యాంపులో కోచ్‌లు ఎక్కువగా వెతికేది ఇలాంటివాళ్లనే, మనకేమో వాళ్ల పేర్లు గుర్తుండవు.

అన్యాయమయ్యేది రెండో గోల్‌కీపర్‌కి. పారిస్ 16 మందిలో కీపర్ శ్రీజేష్ ఒక్కడే, రెండో కీపర్ పాఠక్ రిజర్వుల్లో ఉన్నాడు. మహిళల జట్టులో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి రజని కూడా మొదటి కీపర్ సవిత వెనక ఇలాగే ఏళ్ల తరబడి వేచి ఉంది. 2024 మస్కట్ హాకీ ఫైవ్స్ (జట్టుకి ఐదుగురు ఆడే హాకీ) ప్రపంచకప్‌లో ఆమే కెప్టెన్, రజతం తెచ్చింది.