అంధచుక్క ప్రయోగంలో చుక్క మాయం కాకపోవడానికి కారణం

దిల్‌సుఖ్‌నగర్‌లో వైజ్ఞానిక ప్రదర్శన కోసం అంధచుక్క (కంటిలో చూపు లేని చోటు) ప్రయోగానికి మీ పాప గీసిన కాగితంపై నల్లచుక్క ఎంతకీ మాయం కాకపోవడానికి, చూపు తెలియకుండానే ఆ చుక్క వైపు జారడమే కారణమై ఉంటుంది.

1. కాగితంపై కూడిక గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక సెంటీమీటరు వెడల్పున్న చుక్క గీయించండి.

2. ఎడమ కన్నును అరచేతితో పూర్తిగా మూయించండి.

3. కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ, చేయి చాచినంత దూరం నుంచి కాగితాన్ని మెల్లగా దగ్గరికి తేవాలి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క కనిపించదు.

పిల్లలు తప్పేది మూడో మెట్టులోనే. చుక్క పోయిందో లేదో చూద్దామని కన్ను కదిపిన క్షణంలో దాని ప్రతిబింబం, నేత్రపటలంలో (కంటి లోపలి వెనుక పొరలో) వెలుతురును గ్రహించే శంకువులనే కణాలు అత్యంత దట్టంగా ఉండే పచ్చచుక్క అనే చోట పడుతుంది. చుక్క మాయం కావాలంటే, దాని ప్రతిబింబం పచ్చచుక్క నుంచి ముక్కు వైపు దాదాపు 15 డిగ్రీల దూరంలో, దృక్‌నాడి (కంటి నుంచి మెదడుకు వెళ్లే నాడి) నేత్రపటలాన్ని వీడి బయటికి వెళ్లే చోట, అంటే వెలుతురును గ్రహించే కణాలైన దండాలు గానీ శంకువులు గానీ లేని అంధచుక్క మీద పడాలి.

వీలైతే గీతల కాగితం వాడించండి, చాలా బాగుంటుంది: ఆ ఖాళీని మెదడు చుట్టూ ఉన్న దృశ్యంతో పూరిస్తుంది కనుక, చుక్క పోయిన చోట గీతలు తెగకుండా సాగినట్లే కనిపిస్తాయి.