ఆడా, మగా తర్వాత.. ముందు సోడియం చూపించండి

ప్రశ్న: 9 రోజుల కిందట మాకు బిడ్డ పుట్టింది. పైకి మగపిల్లాడిలా ఉన్నా వృషణాలు చేతికి తగలడం లేదన్నారు. స్కానింగ్‌లో గర్భసంచి కనిపించింది. క్రోమోజోముల రిపోర్టుకు 3 వారాలు పడుతుందట. మాది మేనరికం. బిడ్డ ఆడా, మగా? బర్త్ సర్టిఫికెట్‌లో ఏమని రాయించాలి? రెండు రోజులుగా పాలు సరిగ్గా తాగడం లేదు, కక్కుతోంది కూడా.
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు చివర్లో రాసిన మాటే నన్ను కంగారు పెడుతోంది. పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే బయల్దేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

బిడ్డను చూడకుండా నిర్ధారించలేను. కానీ ఈ లక్షణాలకు మొదట అనుమానించాల్సింది మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు పుట్టుకతో వచ్చే లోపాన్ని. సీఏహెచ్ అంటాం. ఎక్కువమందిలో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ లోపిస్తుంది. దాంతో కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు సరిగ్గా తయారు కావు, మగ హార్మోన్లు పెరిగిపోతాయి. లోపల గర్భసంచి, అండాశయాలు ఉన్న బిడ్డకు పైన మగపిల్లాడి రూపు అందుకే వస్తుంది. ఆ రూపుతో ప్రాణానికి ముప్పు లేదు. ముప్పంతా ఉప్పుతోనే. ఆల్డోస్టిరాన్ లేకపోతే సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం పెరుగుతుంది. తొలి మూడు వారాల్లోనే బిడ్డ రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్లొచ్చు. సోడియం, పొటాషియం, షుగర్ ఈరోజే చూడాలి. ఈ జబ్బులో పెరిగే 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పరీక్షకు రక్తం తీసి, అవసరమనుకుంటే వెంటనే కార్టిసాల్‌కు బదులిచ్చే మందు హైడ్రోకార్టిసోన్ మొదలుపెడతారు. క్రోమోజోముల రిపోర్టు కోసం ఆగేది కాదిది.

రెండు రోజులు ఎందుకు ఆగారండీ? అరగలేదని గ్రైప్ వాటర్, మందుల షాపులో వాంతుల చుక్కలు పట్టి ఉంటే ఇక ఆపేయండి. నలుగురికీ తెలుస్తుందని ఇలాంటి బిడ్డల్ని ఇంట్లోనే దాచి, ఒళ్లు చల్లబడ్డాక తెచ్చినవాళ్లను చూశాను. అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ ప్రశ్న. క్రోమోజోములు, ఉన్నవి అండాశయాలా వృషణాలా అన్నది, హార్మోన్లు, లోపలి అవయవాలు, బయటి రూపు.. ఇవన్నీ చూస్తాం. చాలామందిలో అన్నీ ఒకే దారిలో ఉంటాయి, కొందరిలో ఒకటి పక్కకు తప్పుతుంది. రిపోర్టు ఎక్స్‌ఎక్స్ (ఆడ క్రోమోజోములు) అని వచ్చి సీఏహెచ్ ఖాయమైతే సాధారణంగా ఆడపిల్లగానే పెంచమంటాం. మందులు క్రమం తప్పకుండా వాడితే రజస్వల అవుతుంది, పిల్లలు పుట్టే అవకాశమూ ఉంటుంది. జనన నమోదుకు 21 రోజుల గడువుంది, దాటినా ఆలస్య రుసుముతో చేయించుకోవచ్చు. రూపు సరిచేసే ఆపరేషన్‌కు తొందరపడకండి. తమిళనాడులో మద్రాస్ హైకోర్టు 2019 తీర్పు తర్వాత, ప్రాణాపాయం ఉంటే తప్ప పసిపిల్లలకు అలాంటివి చేయకూడదు.

ఇదే జబ్బయితే మందు జీవితాంతం. జ్వరమొచ్చినప్పుడు డాక్టర్ చెప్పినట్టు మోతాదు పెంచాలి, ఆపకూడదు. వచ్చే కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది కాబట్టి జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోండి. బిడ్డ కోలుకున్నాక.