ఎఫ్1 నొక్కితే హెల్ప్ వస్తోంది గానీ ఎడమ పక్క కంటెంట్స్ రావట్లేదు: మా మిల్లు సాఫ్ట్‌వేర్ అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు చేసిన సీహెచ్‌ఎం (విండోస్ ప్రోగ్రాంలతో వచ్చే .chm రకం) హెల్ప్ ఫైల్‌ని మీ సిస్టంలో డబుల్ క్లిక్ చేస్తే ఎడమ పక్క కంటెంట్స్, ఇండెక్స్, సెర్చ్ ట్యాబ్‌లు మూడూ కనిపిస్తున్నాయి. క్లయింట్ మీ ప్రోగ్రాంలోంచి ఎఫ్1 నొక్కితే మాత్రం కుడి పక్క పేజీ ఒక్కటే వస్తోంది. పైగా కంటెంట్స్‌లో తెలుగు పేర్లు పెడితే అన్నీ ప్రశ్నార్థకాలే. ఫైల్ పాడైందేమో, మొత్తం మళ్ళీ చేయాలా అని అడిగారు.

అక్కర్లేదు. డబుల్ క్లిక్‌కి అన్నీ వస్తున్నాయంటే ఫైల్ బాగానే ఉంది, తెరుస్తున్న విండో వేరు. ఈ చిన్న విషయం తెలియక నేను దాదాపు రెండు రోజులు పోగొట్టుకున్నాను.

అప్పట్లో మేం రైస్ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళం. మిర్యాలగూడలో ఒక మిల్లు గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, పుస్తకమైతే తెరుచుకుంటుంది గానీ విషయసూచిక ఎవరో చింపినట్టుంది" అన్నాడు. ఎడమ పక్క ఏముందన్నా అంటే ఏం లేదన్నాడు. నేను ఫైల్ పాడైందనుకుని కొత్త ఫైల్ మెయిల్‌లో పంపాను. మళ్ళీ అదే. ఇంకోటి పంపాను. మళ్ళీ అదే. మూడోసారి విసుగొచ్చి, "ఎట్లా తెరుస్తున్నరన్నా?" అని అడిగాను. "ఎట్లేంది సార్, బిల్లు స్క్రీన్ మీద ఎఫ్1 కొట్టిన." అప్పటిదాకా ఆఫీసులో నేను ఒక్కసారి కూడా ఎఫ్1 కొట్టి చూడలేదు! ఎప్పుడూ డబుల్ క్లిక్కే.

లోపల జరిగేది ఇదీ. సీహెచ్‌ఎం ఫైల్‌లో ఒకటి కంటే ఎక్కువ విండోలను నిర్వచించుకోవచ్చు. మా ప్రాజెక్ట్‌లో రెండుండేవి. మొదటిది మెయిన్, దానికి మూడు పేన్‌లు (అంటే విండోలోని భాగాలు). రెండోది చిన్నది, ఒక్క పేజీ చూపించి ఊరుకునేది, ఎడమ పేన్ లేకుండా మేమే కావాలని పెట్టుకున్నది. ప్రోగ్రాంలోంచి హెల్ప్‌ని పిలిచేటప్పుడు ఫైల్ పేరు, తర్వాత ::/ గుర్తులు, పేజీ పేరు, ఆ తర్వాత > గుర్తు పెట్టి విండో పేరు రాస్తాం కదా. మా కోడ్‌లో ఆ > తర్వాత రెండో విండో పేరు ఉంది. ఎవరో ఏ స్క్రీన్ కోసమో రాసిన లైన్‌ని అన్ని స్క్రీన్‌లకీ కాపీ కొట్టేశారు. (ఆ ఎవరో నేనే అని తర్వాత తేలింది.) అక్కడ మెయిన్ అని మార్చగానే గుమాస్తాకి విషయసూచిక తిరిగొచ్చింది.

కాబట్టి మీ కోడ్‌లో ముందు ఆ > తర్వాత ఏముందో చూడండి. నూటికి తొంభై పాళ్ళు మీ జబ్బు అక్కడే ఉంటుందని నా అనుమానం.

అక్కడ సరిగానే ఉంటే హెచ్‌టీఎంఎల్ హెల్ప్ వర్క్‌షాప్‌లో (సీహెచ్‌ఎం తయారుచేసే మైక్రోసాఫ్ట్ టూల్) ప్రాజెక్ట్ తెరిచి విండో డెఫినిషన్‌లకు వెళ్ళండి. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. కంటెంట్స్ ఫైల్ పేరుని ప్రాజెక్ట్ ఆప్షన్స్‌లో ఇచ్చేసి, అయిపోయిందనుకుంటారు. విండో డెఫినిషన్‌లో ఫైల్స్ అనే ట్యాబ్‌లో కూడా అదే పేరు ఇవ్వాలి, ఇండెక్స్‌కీ అంతే. అది ఖాళీగా ఉంటే ఫైల్ లోపల కంటెంట్స్ ఉన్నా ఆ విండో చూపించదు. పక్కనే నావిగేషన్ పేన్ ట్యాబ్‌లో ఎడమ పేన్ ఉండాలా వద్దా అనే టిక్, సెర్చ్ ట్యాబ్, ఫేవరెట్స్ ట్యాబ్ టిక్‌లు ఉంటాయి. సెర్చ్‌కి ఆ టిక్ ఒక్కటే చాలదు, ప్రాజెక్ట్ ఆప్షన్స్‌లో కంపైలర్ కింద ఫుల్ టెక్స్ట్ సెర్చ్ కూడా ఆన్ చేయాలి.

నోట్‌ప్యాడ్‌లో ప్రాజెక్ట్ ఫైల్ తెరిచి చూసే అలవాటుంటే విండోస్ అనే విభాగంలో ఇదంతా ఒకే సంఖ్యగా కనిపిస్తుంది. చాలా ప్రాజెక్ట్‌లలో 63520 అని ఉంటుంది, హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి). దాన్ని విడగొడితే 20 అంటే మూడు పేన్‌ల విండో, 100 అంటే కుడి పేజీ మారినప్పుడు ఎడమ కంటెంట్స్ కూడా దానితోపాటు కదలడం, 400 సెర్చ్ ట్యాబ్, 1000 ఫేవరెట్స్, 2000 టైటిల్ మారడం, 20000 అడ్వాన్స్‌డ్ సెర్చ్, 40000 విండో సైజు గుర్తుంచుకోవడం. ఆ 20 లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా ఎడమ పేన్ రాదు. చేత్తో కూడేటప్పుడు హెక్స్‌లో కూడుతున్నానని గుర్తుంచుకోండి.

మార్చాక మళ్ళీ కంపైల్ చేయాలి, ఆ సమయంలో పాత సీహెచ్‌ఎం తెరిచి ఉండకూడదు. ఉంటే హెచ్‌హెచ్‌సీ5010 అని ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది, పాత ఫైల్ అలాగే ఉంటుంది. నేను ఆ మెసేజ్ చదవకుండా పాత ఫైల్‌నే తెరిచి చూస్తూ, ఎన్ని మార్చినా ఏమీ మారట్లేదేమిట్రా అని ఒక పూటంతా టెన్షన్ పడ్డాను.

ఇంకో రకం ఉంది, ఇందులో తప్పెవరిదీ కాదు. టూల్‌బార్‌లో హైడ్ అనే బటన్ ఉంటుంది. ఎవరో దాన్ని నొక్కి అలాగే మూసేస్తే, విండో సైజు గుర్తుంచుకునే ఆప్షన్ ఆన్‌లో ఉన్న ఫైల్ మళ్ళీ తెరిచినప్పుడు కూడా ఎడమ పేన్ మూసే ఉంటుంది. అప్పుడదే చోట షో అని ఉంటుంది, నొక్కితే సరి. ఆ బటన్‌నే మీరు టూల్‌బార్‌లోంచి తీసేసి ఉంటే యూజర్‌కి దారి లేదు. అలాంటప్పుడు యాప్‌డేటాలో (విండోస్ యూజర్ సెట్టింగ్‌లు దాచే ఫోల్డర్) మైక్రోసాఫ్ట్ ఫోల్డర్, దాని లోపల హెచ్‌టీఎంఎల్ హెల్ప్ ఫోల్డర్, అందులో హెచ్‌హెచ్ డాట్ డాట్ అనే ఫైల్ (hh.dat, రెండో డాట్ ఎక్స్‌టెన్షన్, నవ్వకండి) ఉంటుంది. దాన్ని తీసేస్తే గుర్తుంచుకున్నవన్నీ పోయి మొదటికొస్తుంది. యూజర్ పెట్టుకున్న ఫేవరెట్స్ కూడా పోతాయి, ముందే చెప్పండి.

మీది కాదు గానీ, దీనికి తిరగేసిన జబ్బుతో కూడా జనం తికమక పడతారు. ఎడమ పక్క కంటెంట్స్ అన్నీ ఉండి, కుడి పక్క పేజీ తెల్లగా వస్తుంది. అది సెక్యూరిటీ సంగతి. మెయిల్‌లో వచ్చిన ఫైల్ అయితే రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అన్‌బ్లాక్. నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే లోకల్ డిస్క్‌కి కాపీ చేసుకోవాలి, 2005లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ నుంచి ఇంతే. ఫోల్డర్ పేరులో # గుర్తున్నా పేజీ రాదు. నేను గుమాస్తాకి మెయిల్‌లో పంపిన ఫైళ్ళలో ఒకటి ఇలాగే తెల్లగా తెరుచుకుని, అసలు సమస్యని ఇంకా గందరగోళం చేసింది.

ఇక తెలుగు పేర్లు. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. సీహెచ్‌ఎం 1997 నాటి ఫార్మాట్. కుడి పక్క పేజీ మామూలు హెచ్‌టీఎంఎల్ కాబట్టి యూటీఎఫ్-8లో తెలుగు చక్కగా వస్తుంది. కంటెంట్స్, ఇండెక్స్ మాత్రం ఆయా భాషకి విండోస్‌లో ఉన్న పాత ఆన్సీ కోడ్‌పేజీ (యూనికోడ్‌కి ముందు ఒక్కో భాషకి వాడిన అక్షరాల పట్టిక) మీద ఆధారపడతాయి. తెలుగుకి అలాంటి కోడ్‌పేజీయే లేదు, విండోస్‌లో తెలుగు పూర్తిగా యూనికోడ్ మీదే వచ్చింది. అందుకే ఆన్సీలో సేవ్ చేసిన మరుక్షణం "బిల్లు తయారు చేయడం" కాస్తా ప్రశ్నార్థకాల వరసైపోతుంది. ఫాంట్ మార్చినా, భాష సెట్టింగ్ మార్చినా ఉపయోగం లేదు, అన్నీ చేసి చూశాను. సెర్చ్‌లో తెలుగు మాట కొడితే మా ఫైల్‌లో ఒక్క ఫలితం రాలేదు.

చివరికి నేను చేసింది ఇది. ఎడమ పక్క పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచేశాను. హోం పేజీలో మాత్రం తెలుగులో పెద్ద విషయసూచిక, ఒక్కో పేరుకీ లింక్, ప్రతి పేజీ పైన "విషయసూచికకు" అని ఇంకో లింక్. గుమాస్తా ఆ తర్వాత ఎడమ పేన్ వైపు చూడటమే మానేశాడు.

మీ ఎఫ్1 కోడ్‌లో హెల్ప్‌ని పిలిచే ఆ ఒక్క లైన్, ప్రాజెక్ట్ ఫైల్‌లోని విండోస్ విభాగం పెట్టండి, చూసి చెప్తాను.